మాట వినని చారల కండరం

బాలశౌరి మాస్టారి చొక్కాలకు చేతులు జబ్బ సగంలోనే ఆగిపోయేవి. భవానీపురం టైలరు ప్రతిసారీ "ఇంకా గుడ్డ మిగులుతుందండీ" అని గుర్తుచేస్తే "మిగిలితే జేబు కుట్టు" అనేవాడు మాస్టారు. కృష్ణ మీదినుంచి చలిగాలి కొట్టే మార్గశిరంలో కూడా ఆయన స్వెట్టరు వేసుకోగా చూసినవాళ్ళు లేరు. వేసుకుంటే లోపలున్నవి ఎవరికి కనిపిస్తాయి?

ఆయన పుట్టింది ఉయ్యూరు దగ్గర, చెరుకు తోటల మధ్య. తండ్రి అంతోని చెరుకు కొట్టి, మోపులు కట్టి, ఫ్యాక్టరీకి పోయే బళ్ళకెత్తేవాడు. అంతోనికి కూడా కండలుండేవి. అయితే వాటిని ఎవరూ కండలని పిలవలేదు. కూలికొచ్చినవాడి ఒళ్ళు అలాగే ఉంటుందనుకున్నారు. కొడుకు ఫాదర్ల బోర్డింగులో చదువుకుని, వ్యాయామ విద్యలో ట్రైనింగు పూర్తిచేసి, బెజవాడలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యాడు. తండ్రి మోపులెత్తి తెచ్చుకున్న ఒంటిని కొడుకు ఇనుమెత్తి తెచ్చుకున్నాడు. తేడా అల్లా, కొడుకు ఎత్తినదాన్ని మళ్ళీ ఎత్తిన చోటనే పెట్టేవాడు.

ఒకసారి కండల పోటీలో ఆయనకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది వన్‌టౌన్‌లో వ్యాయామశాల నడిపే మరియదాసుకు పోయింది. ఆ ఏడు పోటీకి దిగింది వాళ్ళిద్దరే. ఈ సంగతి కప్పు మీద చెక్కలేదు గనక బాలశౌరి కూడా ఎవరికీ చెప్పలేదు. కప్పు మాత్రం ముందుగదిలో, మరియమాత పటం కింద, పటం కంటే కొంచెం ఎక్కువ మెరుస్తూ ఉండేది. రోజూ దాన్ని తుడిచేది ఆయనే. పటాన్ని ఆయన భార్య ఎలిజబెత్ తుడిచేది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. పొద్దస్తమానం మనుషుల ఒళ్ళు చూసే ఉద్యోగం గనక ఇంట్లో ఉన్న ఒంటిని చూసి ఆశ్చర్యపోయే ఓపిక ఆవిడకు ఉండేది కాదు. మాస్టారికి ఆవిడ మీదున్న ఫిర్యాదు అదొక్కటే.

డెబ్భై నాలుగులో సైన్సు టీచరు ఛాయాదేవి పురిటికి సెలవు పెట్టింది. ఆవిడ క్లాసులు ఎవరు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. హెడ్మాస్టరు రామకోటేశ్వరరావుగారు బియ్యెస్సీ. ఆయనే తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే పుస్తకం తెరవాలి, నించోవాలి, సుద్దముక్క పట్టుకోవాలి. బల్లమీది కలం అందుకోవడానికి కూడా గంట కొట్టి అటెండరును పిలిచే మనిషికి ఇవన్నీ అయ్యే పనులు కావు. అందుకని బాలశౌరిని పిలిపించాడు.

"పదో తరగతి సైన్సు మీరు చూసుకోవాలండీ, బాలశౌరిగారూ."

"నేనా సార్? నాది డ్రిల్లు కదండీ."

"పాఠం మాత్రం పరాయిదా ఏమిటి? కండర కణజాలమండీ. ఈ స్టాఫులో మీకు తప్ప ఇంకెవరికున్నాయి చెప్పండి, కండరాలు?"

ఆ ఒక్క మాటకే మాస్టారి ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది. పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఎలిజబెత్ దొండకాయలు తరుగుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కండరాలు మూడు రకాలని రాసి ఉంది. మొదటి రకం రేఖిత కండరాలు, అంటే చారలున్నవి. సూక్ష్మదర్శినిలో చూస్తే పొడుగాటి పోగుల్లా ఉంటాయి. ఒక్కో పోగులో అంచు వెంబడి బోలెడన్ని కేంద్రకాలు, అడ్డంగా వెలుగు నీడల్లా చారలు. కొసల్లో స్నాయువులతో ఎముకలకు కట్టి ఉంటాయి. మనం అనుకుంటే కదులుతాయి, వద్దనుకుంటే ఆగుతాయి.

"విన్నావా? అనుకుంటే కదులుతాయట," అన్నాడు మాస్టారు. కుడిజబ్బ బిగించి, పుస్తకం చెప్పింది నిజమేనని చూసుకున్నాడు.

"విన్నానండీ. కాస్త ఆ చేత్తో ఉప్పు అందుకోండి," అంది ఎలిజబెత్.

రెండో రకం దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. ఇవి నునుపు కండరాలు. నడుమ లావు, కొసలు సన్నం, కదురు ఆకారం. ఒక్కో కణానికి ఒకటే కేంద్రకం. చారల్లేవు. పేగుల్లో, రక్తనాళాల్లో, మూత్రాశయంలో, గర్భాశయంలో ఉంటాయి. మెల్లగా, అలుపు లేకుండా, మన ప్రమేయం లేకుండా పనిచేస్తాయి.

"ప్రమేయం లేకుండానా?" అన్నాడు. తన ఇంట్లో తనకు తెలియకుండా ఎవరో కాపురముంటున్నారని తెలిసినట్టుంది ఆయన ముఖం.

"మీరు భోంచేసి గురక పెడుతుంటే అన్నాన్ని కిందికి తోసేది అవేనండీ. మిమ్మల్ని లేపి అడగమంటారా?"

ఇక మూడోది గుండె కండరం. దీనికి చారలున్నాయి. కణాలు కొమ్మలేసి ఒకదానితో ఒకటి కలిసిపోయి వల అల్లినట్టుంటాయి. అమ్మ కడుపులో ఉన్నప్పుడు మొదలెట్టి పోయేదాకా ఆగవు. కానీ మన మాట వినవు. బాలశౌరికి ఇది అన్నిటికంటే బాధ కలిగించింది. నునుపువాటిని క్షమించొచ్చు, వాటికి చదువూ సంధ్యా లేదు. చారలుండి కూడా మాట వినకపోవడమేమిటి? ఇది క్రమశిక్షణ నేర్పేవాడు లేక వచ్చిన లోపం తప్ప మరొకటి కాదనుకున్నాడు.

మర్నాడు క్లాసులో నల్లబల్ల జోలికి పోలేదు. చొక్కా విప్పేశాడు. పక్క క్లాసుల పిల్లలు కిటికీలకు వేలాడారు. మోచేయి మడిచి జబ్బ ముందువైపు కండను చూపించాడు, చెయ్యి చాపి వెనకవైపు కండను చూపించాడు. "కండకు లాగడమే తెలుసు, నెట్టడం రాదు. అందుకే జంటగా ఉంటాయి. ఇది బిగిస్తే చెయ్యి మడుస్తుంది, అది బిగిస్తే చాపుతుంది. ఒకటి బిగిసినప్పుడు రెండోది వదులవ్వాలి" అని చెప్పాడు. ఇంతవరకూ పాఠం నిజంగానే బాగుంది. ఛాయాదేవి చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు. అక్కడ ఆపేసి చొక్కా తొడుక్కుంటే ఈ కథ లేదు.

"ఇక నునుపు కండరాలున్నాయి. ఒట్టి సోమరిపోతులు. పరీక్షలో రాయండి, బయట చెప్పుకోకండి," అన్నాడు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, భయమేస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి కదండీ. అవి కూడా నునుపు కండరాలేనని మా అన్నయ్య చెప్పాడండీ. మీకూ అలాగే అవుతుందా అండీ?"

"నేను భయపడను. కూర్చో," అన్నాడు మాస్టారు. క్లాసు నవ్వింది. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. "సాధన ఉంటే ఒంట్లో ఏ కండరమైనా సరే, చారలున్నా లేకపోయినా, చెప్పిన మాట వింటుంది. వార్షికోత్సవంలో చూపిస్తాను, అందరూ రండి" అనేశాడు.

వార్షికోత్సవానికి బడి కమిటీ అధ్యక్షుడు చౌడయ్యగారు వచ్చాడు. పెడనలో మగ్గాల మీద బతికిన కుటుంబం వాళ్ళది. ఆయన తరానికి బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు, దానిమీద రెండంతస్తుల మేడ లేచాయి. మనిషి మంచివాడు. పొట్ట మాత్రం మనిషికంటే ఒక అడుగు ముందు వచ్చేది. హెడ్మాస్టరు వార్షిక నివేదిక చదివినంతసేపూ ఆ పొట్ట మీద చేతులు పెట్టుకుని కునికాడు. తర్వాత కొబ్బరినూనె రాసుకుని, నిక్కరు మీద బాలశౌరి వేదికెక్కేసరికి కళ్ళు తెరిచాడు.

మాస్టారు వేదిక మధ్య శీర్షాసనం వేశాడు. అటెండరు సొలొమోను గోలీసోడా కొట్టి, అందులో గొట్టం పెట్టి, దాని కొసను ఆయన నోటికి అందించాడు. తలకిందులుగా ఉన్న మనిషి గొంతులోనుంచి సోడా పైకెక్కి, పొట్టలోకి పోవడం పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. సీసా ఖాళీ అయింది. చప్పట్లు మోగాయి. అన్నవాహిక గోడల్లోని కండరాలు ఒక వరసలో నొక్కుకుంటూ పోయి, మింగినదాన్ని ఎటున్నా సరే పొట్టకు చేరుస్తాయి. తలకిందులుగా వేలాడే గబ్బిలానికైనా అంతే. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. బాలశౌరి మాత్రం ఇది తన సంకల్పబలమని మనస్ఫూర్తిగా నమ్మాడు. లేచి నిలబడి మైకు అందుకున్నాడు.

"చూశారు కదా! ఈ ఒంట్లో నా అనుమతి లేకుండా ఏ కండరమూ..."

"వెక్!"

మైకు ఆ శబ్దాన్ని భద్రంగా అందుకుంది. బడి ముందున్న కొబ్బరిచెట్టుకు కట్టిన లౌడుస్పీకరు దాన్ని భవానీపురమంతటికీ వినిపించింది.

"ఏ కండరమూ... వెక్... కదలడానికి... వెక్!"

ఒక్కో వెక్కుకూ నూనె రాసిన ఆ పెద్ద ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. జబ్బలు బిగించి ఆపాలని చూశాడు. జబ్బలు బిగిశాయి, వెక్కు ఆగలేదు. ఇది కూడా ప్రదర్శనలో భాగమేననుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. చౌడయ్యగారు ముందుకు వంగి ఎంతో గౌరవంగా అడిగాడు: "ఇదేం ఆసనమండీ, మాస్టారూ?"

ఆ సాయంత్రానికి తగ్గిపోతుందనుకున్నారు. తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. నిద్రపోయినంతసేపు ఆగేది, కళ్ళు తెరవగానే పళ్ళు తోముకోవడానికి కూడా టైమివ్వకుండా మొదలయ్యేది. మైదానంలో "వన్... టూ..." అనబోతే మధ్యలో వెక్కు దూరేది. పిల్లలు దాన్ని కూడా ఆజ్ఞే అనుకుని ఒక అడుగు ఎక్కువ వేసేవాళ్ళు. కవాతు చేస్తున్న వరస గోడ దాకా పోయి ఆగింది.

ఊరి వైద్యమంతా జరిగింది. ఊపిరి బిగబట్టి నీళ్ళు తాగాడు. చక్కెర బుక్కాడు. ఉయ్యూరు నుంచి వచ్చిన తల్లి శౌరమ్మ పసిపిల్లలకు పెట్టినట్టు తడిపిన నూలుపోగు తెచ్చి కొడుకు మాడు మీద పెట్టింది. అంత దేహం మీద అంత సన్నని పోగు పెట్టుకుని, కుర్చీలో బుద్ధిగా కూర్చున్న మాస్టారిని చూసి ఎలిజబెత్ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. లోపల్నుంచి నవ్వు వినబడలేదు. గిన్నెలు మాత్రం చాలాసేపు కదిలాయి. రామకోటేశ్వరరావుగారు భయపెడితే తగ్గుతుందని ఎక్కడో విని, స్టాఫురూములో వెనకనుంచి వచ్చి "మీ ఉద్యోగం పోయిందండీ!" అని అరిచాడు. బాలశౌరి గుండె ఆగినంత పనైంది. వెక్కిళ్ళు మాత్రం ఆగలేదు.

"ఎవరో నిన్ను తలుచుకుంటన్నార్రా శౌరీ," అంది శౌరమ్మ. "ఆళ్ళ పేరు చెబితే ఠక్కున ఆగుద్ది. చెప్పుకోరా, ఎవరో."

మాస్టారు ఆలోచించాడు. తనను విడవకుండా తలుచుకునేది ఎవరు? చిన్నాన్నల పేర్లు చెప్పాడు, ఫాదర్ల పేర్లు చెప్పాడు, ట్రైనింగులో పక్క మంచం అతని పేరు చెప్పాడు. "పాత పెళ్ళాం ఎవరన్నా ఉంటే ఆవిడ పేరు కూడా చెప్పేయండి, నేనేమీ అనుకోను," అంది ఎలిజబెత్. ఉన్నట్టుండి ఆయనకు తట్టింది. మరియదాసు! ఇంకెవరు? ఆ పోటీలో మొదటి బహుమతి కొట్టేసినా, తన వీపును చూసి లోలోపల కుళ్ళిపోయి ఉంటాడు. అప్పటినుంచీ రగులుతూ ఉంటాడు. ఆ కుళ్ళే ఇప్పుడు ఇలా బయటపడుతోంది.

సైకిలెక్కి వన్‌టౌన్ పోయాడు. మరియదాసు వ్యాయామశాలలో బల్ల మీద బోర్లా పడుకుని ఒంటికి నూనె రాయించుకుంటున్నాడు. బాలశౌరి ఎదురుగా నిలబడ్డాడు.

"మరియదాసూ! నన్ను... వెక్... తలుచుకోవడం మానెయ్."

మరియదాసు తల ఎత్తి చూశాడు. కింద నుంచి పైదాకా, మర్యాదగా, తీరిగ్గా చూశాడు.

"ఎవరండీ తమరు?"

"నేనే! బాలశౌరిని! పోటీలో నీ పక్కన... వెక్..."

"ఏ పోటీ అండీ?" అన్నాడు మరియదాసు. నిజంగానే గుర్తుచేసుకోవాలని కళ్ళు చికిలించాడు. గుర్తు రాలేదు. "పక్కన ఎవరో ఉన్నట్టున్నారు లెండి. దాహంగా ఉన్నట్టుంది మీకు, ఒరేయ్, ఆయనకు మంచినీళ్ళివ్వండ్రా!"

బాలశౌరి ఆ మంచినీళ్ళు తాగలేదు. సైకిలు కూడా ఎక్కలేదు. నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. దారి పొడుగునా వెక్కుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ తాను మనసులో పెంచుకున్న శత్రువు తన ముఖమే ఎరగడన్న సంగతి వెక్కిళ్ళ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఎదురొచ్చినవాళ్ళు జాలిగా పక్కకు తప్పుకున్నారు. మాస్టారి ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు.

చివరికి ఎలిజబెత్ ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు సంపూర్ణమ్మగారు గుండె విన్నది, పొట్ట నొక్కి చూసింది.

"నాకు తెలుసండీ," అన్నాడు మాస్టారు. "ఆ నునుపు కండరం పనే ఇది. చారలు లేని వెధవ కండరం. దానికి... వెక్... క్రమశిక్షణ లేదు."

"నునుపు కండరం పాపం ఏం చేసిందయ్యా? నువ్వు తలకిందులుగా పోసిన సోడాను కూడా పొట్టలోకి చేర్చి తన పని తాను చేసుకుంది," అంది డాక్టరు. "ఇది ఉదరవితానం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే కండరం. అది కిందికి దిగితే నీకు ఊపిరి లోపలికొస్తుంది. సోడా గ్యాసుతో పొట్ట ఉబ్బి దాని నరాన్ని రేపింది. అది చటుక్కున ముడుచుకుంటోంది, వెంటనే గొంతు మూసుకుంటోంది. ఆ చప్పుడే వెక్కు."

"ఆ గొడుక్కి చారలు... వెక్... లేవు కదండీ?"

"ఎందుకు లేవు? నీ జబ్బలో ఉన్నది ఏ రకమో అదీ ఆ రకమే. శుభ్రంగా చారలున్నాయి."

మాస్టారు తన జబ్బ వంక చూసుకున్నాడు. తనవాడే! తన పక్షంవాడే వెన్నుపోటు పొడిచాడు!

"మరి అనుకుంటే ఆగాలి కదండీ?"

"ఊపిరి బిగబట్టు, ఆగుతుంది. ఎంతసేపు బిగబడతావు? నిద్రలో నువ్వు గుర్తుపెట్టుకుని ఊపిరి తీస్తున్నావా? సగం నీ మాట వింటుంది, సగం వినదు. అలా ఉండబట్టే బతికున్నావు," అని డాక్టరు ఇంజక్షను రాసింది.

ఆ ఇంజక్షను ఇంకో అధ్యాయం. సూది చూడగానే మాస్టారి ఒళ్ళంతా బిగుసుకుంది. "వదులు చెయ్యండి," అంది ఎలిజబెత్. ఆయన ఇంకా బిగించాడు. "వదులు చెయ్యమన్నానండీ, సూది వంగుతోంది." కావాలని చేస్తున్నది కాదు. బిగించడమే నేర్చుకున్నాడు తప్ప వదలడం ఆయనకెవరూ నేర్పలేదు, ఆయన అడగలేదు కూడా. ముంజేతుల మీది వెంట్రుకలు నిటారుగా లేచి నిలబడటం ఎలిజబెత్ చూసింది. చివరికి సూది దిగింది. మాస్టారు సాయంత్రం దాకా మత్తుగా పడుకున్నాడు, లేచి "వెక్" అన్నాడు. ఇంకొన్నాళ్ళు చూద్దామంది డాక్టరు.

ఈలోపు చౌడయ్యగారి తల్లి చౌడేశ్వరమ్మ పోయింది. నిండు వయసు. పెడనలో మగ్గం గుంటలో కూర్చుని పిల్లల్ని పెంచిన మనిషి. బెజవాడ మేడ ఎక్కాక కోడళ్ళను కూడా ఆసులో కండెల్లా అటూ ఇటూ పరిగెత్తించిందని చెప్పుకునేవాళ్ళు. అందుచేత ఆ ఇంట్లో ఏడుపులు పద్ధతి ప్రకారం జరిగాయి. లోటూ లేదు, మిగులూ లేదు. పెద్దకర్మనాడు మేడ ముందు పందిరేసి సంతాపసభ పెట్టారు. బడి స్టాఫంతా హాజరు కావాలని రామకోటేశ్వరరావుగారి ఉత్తర్వు. "మీరు మాత్రం చివరి వరసలో కూర్చోండి, బాలశౌరిగారూ. నోటికి రుమాలు అడ్డం పెట్టుకోండి," అని కూడా చెప్పాడు.

హెడ్మాస్టరు మాట్లాడటం మొదలుపెట్టాడు. చౌడేశ్వరమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆవిడను గంగతో పోల్చాడు, గోదావరితో పోల్చాడు, కృష్ణ దగ్గరికి వచ్చాడు. ఆవిడ స్మృతి చిహ్నంగా బడికి ఒక గ్రంథాలయం ఉండాలన్నాడు. గ్రంథాలయానికి పక్కన చల్లటి గది ఒకటి ఉండాలని, అందులో హెడ్మాస్టరు మధ్యాహ్నం పూట విశ్రమించాలని ఆయన మనసులో ఉన్న భాగాన్ని పైకి చెప్పలేదు. పందిట్లో జనం విసనకర్రలు విసురుకుంటున్నారు. ఒక్కరి కంట్లోనూ తడి లేదు.

చివరి వరసలో బాలశౌరి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. బిగబట్టి బిగబట్టి ముఖం ఎర్రబడింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఇక ఆగలేదు. "వెక్." భుజాలు అదిరాయి. "వెక్. వెక్." అంత మనిషి ఊగిపోతుంటే కుర్చీ కిర్రుమంది. ఒకరొకరే వెనక్కి తిరిగి చూశారు. చెంపల మీద కన్నీళ్ళు, నోట్లో రుమాలు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు మాస్టారు!

చౌడయ్యగారు లేచాడు. కృష్ణానదిని సగంలో ఆపేసి, వరసలన్నీ దాటుకుంటూ వచ్చి బాలశౌరిని రెండు చేతులా కావలించుకున్నాడు. పొట్ట అడ్డం వచ్చింది, అయినా వదల్లేదు.

"కన్నబిడ్డలం, మేమే ఇంతలా ఏడవలేదే మాస్టారూ! మా అమ్మ మీకెలా తెలుసయ్యా?"

"వెక్," అన్నాడు బాలశౌరి. చెప్పాలనే అనుకున్నాడు, అప్పటికి నిజమే చెప్పాలనుకున్నాడు. "నాకు... వెక్... అది కాదండీ... వెక్..."

"మాట రావట్లేదు పాపం!" అన్నాడు చౌడయ్యగారు. ఆయనకు కూడా అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. మగ్గం గుంటలో కూర్చున్న అమ్మ, ఆవిడ అరికాళ్ళు, అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. కళ్ళు తుడుచుకుని, "అమ్మ పేరున బడికి ఏదో ఒకటి కట్టిస్తాను. ఏం కట్టమంటారో మీరే చెప్పండి. మీ మాటే మాట," అన్నాడు.

హెడ్మాస్టరు దూరం నుంచి పెదవులతో "గ్రం-థా-ల-యం" అని చూపిస్తున్నాడు.

"వ్యా... వెక్... వ్యాయామశాల," అన్నాడు బాలశౌరి.

"కట్టించాను పో! చౌడేశ్వరమ్మ స్మారక వ్యాయామశాల!"

అంతే. వెక్కిళ్ళు ఆగిపోయాయి.

మాస్టారికి వెంటనే నమ్మకం కుదరలేదు. ఒక ఊపిరి తీసి చూశాడు. హాయిగా లోపలికెళ్ళి హాయిగా బయటికొచ్చింది. ఇన్ని రోజులు తాను బతిమాలినా, బిగించినా, సూది పొడిపించుకున్నా కరగని ఆ గొడుగు, ఇనుప బరువుల గది ఒకటి వస్తుందనగానే చల్లబడింది. ఒళ్ళు తేలికైపోయింది. కానీ చౌడయ్యగారి చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. పందిట్లో కళ్ళన్నీ తన మీదే ఉన్నాయి. రామకోటేశ్వరరావుగారి కళ్ళు అన్నిటికంటే పెద్దవిగా ఉన్నాయి. కట్టిస్తానన్న మరుక్షణం ఏడుపు ఆగితే చూసేవాళ్ళేమనుకుంటారు?

బాలశౌరి తల వంచుకున్నాడు. పొట్ట లోపలికి లాగి, ఛాతీ కింద ఎక్కడో వెతికి, గట్టిగా ఒక్క కుదుపు కుదిపాడు.

"వెక్!"

వచ్చింది. ఇంకోటి కావాలనుకున్నాడు, ఇంకోటి వచ్చింది. కాస్త పెద్దది కావాలనుకుంటే పెద్దదే వచ్చింది. ఇచ్ఛ ప్రకారం పనిచేసే కండరమని పదో తరగతి పుస్తకంలో అచ్చు వేసిన ముక్క ఆయన ఒంట్లో అక్షరాలా నిజమైంది. అంత దుఃఖం మధ్యలో ఆయనకు తన సాధన మీద గర్వం కూడా కలిగింది. చౌడయ్యగారు తన కారులోనే, తోడుగా గుమాస్తానిచ్చి ఇంటికి పంపించాడు. గుమాస్తా ఉన్నాడు గనక కారు దిగేదాకా వెక్కాల్సి వచ్చింది. గుమాస్తా మర్యాదస్థుడు, గుమ్మం దాకా వచ్చాడు. మాస్టారు కూడా గుమ్మం దాకా వెక్కాడు.

ఎలిజబెత్ కాఫీ తెచ్చి ఎదురుగా పెట్టి కూర్చుంది.

"తగ్గిందా అండీ?"

"తగ్గింది."

"ఎక్కడ తగ్గింది?"

"పందిట్లో."

"మరి గుమ్మంలో విన్నదేమిటి?"

మాస్టారు కాఫీ వంక చూశాడు. సంగతంతా చెప్పక తప్పలేదు. చెబుతున్నంతసేపూ ఎలిజబెత్ ముఖం కదల్లేదు. ఆఖర్న మాత్రం, "పోయినావిడ కోసం కాస్త నిజంగా ఏడ్చినా బాగుండేదండీ. ఎవరూ ఏడవలేదంటున్నారుగా," అంది. బాలశౌరికి సిగ్గేసింది. ఆ సిగ్గు కాఫీ చల్లారేదాకా ఉంది. తర్వాత వ్యాయామశాలకు కిటికీలు ఎటువైపు ఉండాలన్న ఆలోచన వచ్చింది.

ఛాయాదేవి సెలవు ముగించుకుని వచ్చేసరికి పునాదులు లేచాయి. పిల్లల జవాబు పత్రాల్లో "నునుపు కండరాలు సోమరిపోతులు, వీటి గురించి బయట చెప్పరాదు" అని ఉండటం చూసి ఆవిడ స్టాఫురూములో లేచి నిలబడింది. "ఎవరండీ ఇది చెప్పింది? సోమరిపోతులట! నొప్పులు పడి బిడ్డను బయటికి తోసిందెవరనుకున్నారు, జబ్బ కండలా?" అంది. బాలశౌరి ఆ సమయానికి ఇటుకలు లెక్క చూసుకోవడానికి బయటికి పోయాడు. పాఠమంతా ఆవిడ మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది.

వ్యాయామశాల బాగానే వచ్చింది. ఎదురుగోడ మీద చౌడేశ్వరమ్మ పటం పెద్దది పెట్టించాడు చౌడయ్యగారు. బక్కపలచటి ముసలమ్మ, ముక్కుకు అడ్డబాస, బిగించిన పెదవులు. కింద బరువులు, కడ్డీలు, ఉంగరాలు. గ్రంథాలయం రానందుకు రామకోటేశ్వరరావుగారు ప్రారంభోత్సవానికి జ్వరమని కబురు పంపాడు. చౌడయ్యగారు ఏటా తల్లి తద్దినం నాటి సాయంత్రం వచ్చి పటానికి దండ వేసి, మాస్టారి భుజం తట్టి, కాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళేవాడు. ఆ కాసేపట్లో మాస్టారు ఒకటో రెండో వెక్కులు సమర్పించుకునేవాడు. ఏళ్ళు గడిచినకొద్దీ అవి ఎంత సహజంగా వచ్చేవంటే, తెప్పించుకుంటున్నాడో వస్తున్నాయో ఆయనకే తెలిసేది కాదు.

కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పాత కథ తెలియదు. ఇనుము ముట్టుకునే ముందు పటానికి దండం పెట్టడం మాత్రం అలవాటైంది. ఇంత పెద్ద పటం పెట్టారంటే ఆవిడ తన కాలంలో గొప్ప వస్తాదు అయి ఉంటుందని, మగవాళ్ళను కూడా ఎత్తి కుదేసేదని చెప్పుకోవడం మొదలైంది. ఒకడు ధైర్యం చేసి మాస్టారినే అడిగాడు.

"సార్, ఆవిడ ఎంత బరువెత్తేవారండీ?"

బాలశౌరి పటం వంక చూశాడు. కుర్రాడి వంక చూశాడు. జబ్బ బిగించాడు.

"చెబితే నమ్మవు. ముందు నువ్వు చొక్కా విప్పు," అన్నాడు.